జుబారా: ముత్యాలు, అప్పులు

ముత్యాలకు హైదరాబాదు ప్రసిద్ధి అని చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నాం. చార్మినారు దగ్గర పత్థర్‌గట్టీకి వెళ్తే వరసగా ముత్యాల దుకాణాలే. కానీ హైదరాబాదుకు సముద్రం లేదు. మూసీలో ముత్యపు చిప్పలు దొరుకుతాయని ఎవరూ అనగా వినలేదు. ఇదే మాట ఏ పాత దుకాణదారునైనా అడిగితే, మేలైన పాత సరుకు చూపించి "ఇది బస్రా ముత్యమండీ" అంటాడు. బస్రా ఇరాకులో, షత్ అల్ అరబ్ నది ఒడ్డున ఉన్న రేవు. తమాషా ఏమిటంటే అక్కడా ముత్యాలు పండవు! ముత్యం పుట్టింది ఒకచోట, దానికి పేరు పెట్టింది ఇంకోచోటు, అమ్మింది మరోచోట. ఆ పుట్టిన చోటు ఏదయ్యా అంటే, నేను పన్నెండేళ్ళుగా ఉద్యోగం చేసుకుంటున్న ఈ ఖతార్ చుట్టూ ఉన్న లోతు తక్కువ సముద్రం. ఖతార్, బహ్రెయిన్‌ల దగ్గరి నీళ్ళలోనూ, ఇంకా కిందికి అబుదాబీ వైపూ ముత్యపు చిప్పలు పెరిగే తిప్పలు ఉన్నాయి. ఆ సరుకులో కొంత బస్రా మీదుగా మన దేశానికి చేరేది కనుక, దానికి బస్రా ముత్యమని పేరు నిలిచిపోయింది.

దోహాకి చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు రెండు రోజుల్లో ఏం చూడాలని అడుగుతుంటారు. అద్దాల మేడలు, మాల్స్, సముద్రం మీద కట్టిన పెర్ల్ అనే కొత్త నగరం ఎలాగూ చూస్తారు. అన్నట్టు ఆ కొత్త నగరానికి ఆ పేరు ఊరికే పెట్టలేదు. అది కట్టిన చోట ఒకప్పుడు ముత్యాల వేట జరిగేది. నేను మాత్రం ఒకరోజు జుబారాకి కేటాయించమంటాను. దోహా నుంచి వాయవ్యంగా సుమారు 100 కిలోమీటర్లు, కారులో గంటన్నర లోపే. 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది, ఖతార్‌కి అదే మొదటిది. అయితే ముందే చెబుతున్నాను, హంపీలాగా గోపురాలూ రాతిరథాలూ ఉంటాయనుకుంటే నిరాశ తప్పదు. మోకాలెత్తు మొండిగోడలు, ఇసుక, గాలి, అంతే. అక్కడ ఏం జరిగేదో తెలిస్తే తప్ప ఆ గోడలు మాట్లాడవు. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే.

పోయినసారి ఈద్ సెలవుల్లో మా ఆవిడ, మా అబ్బాయి, హైదరాబాదు నుంచి వచ్చిన మా అత్తగారు, మామగారు, నేను కలిసి వెళ్ళాం. బండి నడిపింది మా ఆఫీసులో డ్రైవరుగా పనిచేసే జగిత్యాల ఆయన. నాకంటే రెండేళ్ళు పెద్ద, నేను అన్నా అంటాను, ఆయన నన్ను సార్ అంటాడు. ఎన్నిసార్లు చెప్పినా ఆ పిలుపు మారలేదు. ఆ రోజు దారంతా ముత్యాల కథ చెప్పింది నేనే అయినా, ఆ కథ నాకంటే బాగా అర్థమైంది ఆయనకే అని తర్వాత తెలిసింది.

సరే, ఊరి సంగతి. 18వ శతాబ్దం మధ్యలో కువైట్ నుంచి తరలివచ్చిన ఉతూబ్ అనే తెగవాళ్ళు, ముఖ్యంగా ఇప్పుడు బహ్రెయిన్‌ని పాలిస్తున్న అల్ ఖలీఫా వంశంవాళ్ళు, ఈ రేవును కట్టారు. 1760ల నాటి మాట. అంటే ఇంచుమించు అప్పుడే మన నిజాం అలీఖాను కూడా రాజధానిని ఔరంగాబాదు నుంచి హైదరాబాదుకు మార్చుకున్నాడు. ముత్యాలు కొనే ఊరు, ముత్యాలు తీసే ఊరు, రెండూ ఒకే దశాబ్దంలో లేచినిలబడ్డాయన్నమాట. జుబారాలో సరుకు మీద సుంకాలు లేకుండా చేశారు, దాంతో వర్తకులు వచ్చిపడ్డారు. ఆ తర్వాత 1775లో ఇరాన్ పాలకుడు కరీంఖాన్ సైన్యం బస్రాను ముట్టడించి, మరుసటి ఏడు పట్టుకుంది. అక్కడి వర్తకుల్లో చాలామంది పారిపోయి జుబారాకే చేరారు. ఒక ఊరి కష్టం ఇంకో ఊరికి కలిసిరావడం అంటే ఇదే. 1783లో అల్ ఖలీఫాలు ఇక్కడినుంచే వెళ్ళి బహ్రెయిన్‌ని గెలుచుకుని మకాం అటు మార్చారు. 1811లో మస్కట్ సుల్తాను దాడిలో ఊరు తగలబడింది. మళ్ళీ కట్టుకున్నారు గానీ చిన్నగా. 20వ శతాబ్దం మొదట్లో పూర్తిగా ఖాళీ అయింది. ఆపైన ఇసుక కప్పేసింది. ఆ ఇసుకే దాన్ని కాపాడిందని చెప్పాలి. లేకపోతే గల్ఫ్‌లోని మిగతా పాత ముత్యాల ఊళ్ళలాగే దీని మీదా కొత్త ఊరు లేచేది.

ఈ ఊరెవరిదన్న తగువు మాత్రం ఊరు పోయాక కూడా పోలేదు. బహ్రెయిన్ తనదంటుంది, ఖతార్ తనదంటుంది. చివరికి 2001 మార్చిలో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం జుబారా ఖతార్‌దేననీ, హవార్ దీవులు బహ్రెయిన్‌వనీ తేల్చింది. మనుషులు లేని ఊరికోసం అంత వ్యాజ్యమా అని మా మామగారు నవ్వారు. పొలం గట్టు తగాదాలు మూడు తరాలు నడిపిన జిల్లాలో పుట్టిన మనం నవ్వడానికేముంది!

ఇప్పుడు ఆ మొండిగోడల దగ్గరికి వెళ్దాం. దూరం నుంచి ముందు కనిపించే చక్కటి కోట పాతది కాదు. 1938లో కట్టారు. మూడు మూలల్లో గుండ్రటి బురుజులు, నాలుగో మూల పలకగా ఉండే బురుజు. 1980ల నడుమ వరకూ అందులో భద్రతా దళాలు ఉండేవి, 1987లో మ్యూజియం చేశారు. అందరూ అక్కడే ఫొటోలు దిగి, చూసేశామనుకుని వెనక్కి తిరుగుతారు. అసలు ఊరు సముద్రం వైపు, దానికి అవతల ఉంది.

ఊరు చుట్టూ అర్ధచంద్రంలా సుమారు రెండున్నర కిలోమీటర్ల పొడవున ప్రహరీ, దానికి 22 బురుజులు. రెండు కొసలూ సముద్రానికి ఆనుకుంటాయి. లోపల దాదాపు 60 హెక్టార్లు, అంటే మన లెక్కలో 150 ఎకరాలు. దానిలోపలే ఇంకో గోడ జాడ, చిన్న చుట్టుగా కనిపిస్తుంది. 1811 తర్వాత మళ్ళీ కట్టుకున్న ఊరికి అదే హద్దు. పెద్ద చొక్కా వదులై కుట్టించుకున్నట్టు, ఊరు ఎంత చిక్కిపోయిందో ఆ రెండు గోడల మధ్య ఖాళీ చూస్తే తెలుస్తుంది. కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయం వాళ్ళతో కలిసి ఖతార్ మ్యూజియమ్స్ 2009 నుంచి ఇక్కడ తవ్వకాలు జరిపించింది. ఊరు మొత్తంలో తవ్వింది చాలా కొద్ది భాగమే. తవ్వినదాన్ని ఎండకీ ఉప్పుగాలికీ వదిలేస్తే ఆ మట్టి అతుకులు నిలవవు కాబట్టి, కొన్నింటిని మళ్ళీ పూడ్చేశారు కూడా.

నాకు ఆ ఊళ్ళో మొట్టమొదట తోచిన ప్రశ్న ఇంజనీరు ప్రశ్నే. నీళ్ళెక్కడివి? ఊళ్ళో బావి తవ్వితే ఉప్పునీరు. తాగేనీళ్ళు రెండు కిలోమీటర్ల లోపు దూరంలో, ముర్‌యిర్ అనే చిన్న కోట దగ్గరి బావుల నుంచి రావాలి. ఆ దారిలో శత్రువులు అడ్డం పడకుండా ఊరినుంచి ఆ కోట దిక్కుగా రెండు వరసల గోడ కట్టారు. నీళ్ళ దారికి ప్రహరీ కట్టిన ఊరు! పంట భూమి సరేసరి, గజం లేదు. బియ్యం ఇండియా నుంచి, ఖర్జూరాలు బస్రా వైపు నుంచి, కలప మలబారు నుంచి. ఇక్కడ దొరికేవి చేపలు, ముత్యాలు, అంతే. ముత్యాలు తినలేం. కాబట్టి ఇక్కడ తినే ప్రతి ముద్దా ముందు అరువు తెచ్చుకున్నదే. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే మిగతా కథంతా దానంతటదే విడిపోతుంది.

ఇళ్ళలో ఒక గది చూసి మా అత్తగారు ఆగిపోయారు. గది నేలంతా కాలువలు కాలువలుగా, గచ్చుతో గట్లు పోసి ఉంది. దాన్ని మద్‌బసా అంటారు. ఖర్జూరపు బస్తాలు ఆ గట్ల మీద ఒకదానిమీద ఒకటి పేరిస్తే, బరువుకీ వేడికీ రసం కారి, కాలువల్లోంచి పారి, మూలన గుంటలో పెట్టిన జాడీలోకి చేరేది. పాకం పట్టే పని లేకుండా ఖర్జూరపు పాకం. "మన బెల్లపు గానుగకి ఎద్దులు కావాలి, వీళ్ళకి ఎండే గానుగ" అన్నారావిడ. చైనా పింగాణీ ముక్కలూ, ముత్యాల కోసం మునిగేవాళ్ళు కాలికి కట్టుకున్న బరువులూ కూడా తవ్వకాల్లో దొరికాయి. ఒక గోడ గచ్చు మీద ఎవరో గీకిన పడవ బొమ్మ దొరికింది. తెరచాప, తాళ్ళతో సహా గీశారు. పిల్లవాడు గీశాడో, వేట లేని చలికాలంలో ఏమీ తోచని పెద్దవాడు గీశాడో మరి.

ముత్యాల వేట ఎలా ఉండేదో కాస్త వివరంగా చెప్పాలి. పెద్ద వేట ఎండాకాలంలో, నీళ్ళు వెచ్చబడ్డాక, ఇంచుమించు జూన్ నుంచి సెప్టెంబరు దాకా. నాలుగు నెలలు పడవలోనే తిండి, నిద్ర. పడవ పెద్దని నఖుదా అంటారు. మునిగేవాడు ఘైస్, పైన తాడు పట్టి లాగేవాడు సైబ్. పాటలు పాడి ఉత్సాహపరచడానికి నహ్హామ్ అని ప్రత్యేకంగా ఒకడు. మునిగేవాడు ముక్కుకు ఎముకతోనో తాబేటి చిప్పతోనో చేసిన క్లిప్పు పెట్టుకుని, మెడలో బుట్ట వేసుకుని, కాలికి రాయి కట్టుకుని సర్రున అడుక్కి దిగేవాడు. నిమిషమో, ఆ పైన కొంచెమో. ఆ కాసేపట్లో అందినన్ని చిప్పలు ఏరి, తాడు ఒక్క గుంజు గుంజితే పైవాడు లాగాలి. ఇలా రోజుకి పదుల సార్లు. కడుపు నిండా ఉంటే మునగలేరు కనుక, పగలంతా నాలుగు ఖర్జూరాలూ కాఫీ. అన్నం, చేప చీకటిపడ్డాకే.

తీసిన చిప్పలు వెంటనే కోయరు. మర్నాడు పొద్దున నఖుదా కళ్ళముందే అందరూ కూర్చుని కోయాలి. ఏ చిప్ప ఎవరు తెచ్చాడన్న లెక్క లేదు. అంతా ఒకే రాశి. వందల చిప్పలు కోస్తే ఎక్కడో ఒక ముత్యం, అందులో గుండ్రంగా, మెరుస్తూ ఉండేది, మన పెద్దలు ఆణిముత్యమన్నది, ఇంకా అరుదు. స్వాతి చినుకు చిప్పలో పడితే ముత్యమవుతుందని మనవాళ్ళన్నట్టే, వాన చినుకే ముత్యమైందన్న కథ అరబ్బులకూ ఉంది. అడుక్కి దిగినవాడికి మాత్రం కథతో పనిలేదు. ముత్యాలను తవ్వాష్ అనే వర్తకుడు కొని, సన్నచిల్లుల ఇత్తడి జల్లెళ్ళలో పరిమాణం ప్రకారం వేరుచేసేవాడు. అక్కడినుంచి బొంబాయి. బెజ్జం వేయడం, జత కలపడం, సరాలు కూర్చడం, బేరం, అంతా అక్కడే. బేరమాడేటప్పుడు పక్కవాడికి ధర తెలియకుండా గుడ్డ కింద చేతులు కలిపి వేళ్ళు నొక్కి అంకె చెప్పుకునేవాళ్ళు. బొంబాయి నుంచి సంస్థానాలకు. నిజాం నగలలో బస్రా ముత్యాల ఏడు వరసల సత్లడా ఒకటుంది. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్న 173 నగల్లో అదీ ఉంది.

ఈ వ్యాపారమంతా నడిచింది మన రూపాయల్లోనే. గల్ఫ్‌లో భారతీయ రూపాయి 20వ శతాబ్దం సగం దాటేవరకూ చెల్లింది. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం వేరే నోట్లే అచ్చువేసింది. 1966లో రూపాయి విలువ తగ్గించాక ఖతార్ దాన్ని వదిలేసింది. ఇప్పుడు ప్రతి నెలా జీతం రాగానే రియాల్‌కి ఎన్ని రూపాయలని చూసుకునే మనకి ఇది వింతగా ఉంటుంది.

ఇక అప్పు. వేటకు వెళ్ళేముందు ఇంట్లో నాలుగు నెలల గ్రాసానికి మునిగేవాడికి బయానా కావాలి. దాన్ని సలఫ్ అనేవారు. వేట లేని చలికాలంలో ఇంకో బయానా. ఇచ్చేది నఖుదా. నఖుదాకి పెద్ద వర్తకుడిచ్చేవాడు. మతం వడ్డీ కూడదంటుంది కాబట్టి పైకి వడ్డీ లేదు. బియ్యం, గుడ్డలు బజారు ధర కన్నా ఎక్కువకు అంటగట్టడం, ముత్యాలు బజారు ధర కన్నా తక్కువకు తీసుకోవడం, వడ్డీ అందులో ఉంది. సీజను చివర అమ్మిన సొమ్ములోంచి పడవ ఖర్చులూ తిండి ఖర్చులూ తీసేసి మిగిలినది వాటాలు వేసేవారు. మునిగేవాడికి లాగేవాడికన్నా ఎక్కువ వాటా. ఆ వాటాలోంచి బయానా కోసుకుంటే, చాలా ఏళ్ళు చేతికేమీ రాకపోగా బాకీ మిగిలేది. బాకీ ఉన్నవాడు వచ్చే ఏడు కూడా అదే పడవ ఎక్కాలి. చనిపోతే కొడుకు ఎక్కాలి. వేరే నఖుదా దగ్గరికి పోవాలంటే, పాత నఖుదా "ఇతను నాకు బాకీ లేడు" అనో, "ఇంత బాకీ" అనో రాసిచ్చిన చీటీ ఉండాలి. బహ్రెయిన్, కువైట్‌లలో దాన్ని బర్వా అనేవారు.

నేను ఇక్కడిదాకా చెప్పేసరికి డ్రైవరన్న అద్దంలోంచి చూసి, "ఎన్ఓసీ అన్నట్టు గదా సార్" అన్నాడు.

అవును, అదే. ఆయన 2009లో ఊళ్ళో ఏజెంటుకి కట్టడానికి నూటికి మూడు వడ్డీకి తెచ్చి వచ్చాడు. చెప్పిన జీతం ఒకటి, ఇక్కడ ఇచ్చింది ఒకటి. మొదటి రెండేళ్ళ సంపాదన వడ్డీకే పోయింది. కంపెనీ మారదామంటే పాత యజమాని ఎన్ఓసీ ఇవ్వాలి, ఊరికి పోవాలంటే ఎగ్జిట్ పర్మిట్ కావాలి. "బాకీ తీరేదాకా ఇంటికి ఏం మొఖం పెట్టుకొని పోతం సార్" అన్నాడు. అప్పటికి ఆయన కూతురు పుట్టి ఏడాది. చూసింది మూడో ఏట.

ఆ రెండూ ఇప్పుడు లేవు. ఎగ్జిట్ పర్మిట్‌ని 2018లో చాలామందికీ, 2020 జనవరిలో ఇళ్ళలో పనిచేసేవాళ్ళకీ తీసేశారు. ఎన్ఓసీ అక్కర్లేదన్న చట్టం 2020 సెప్టెంబరులో వచ్చింది. 2021 మార్చి నుంచి కనీస జీతం నెలకి 1000 రియాళ్ళు, కంపెనీ తిండీ వసతీ ఇవ్వకపోతే తిండికి 300, వసతికి 500 అదనం. ఇది చిన్న మార్పు కాదు, కళ్ళారా చూసినవాడిగా చెబుతున్నాను. కానీ బయానా సంగతి ఈ దేశపు చట్టంతో తీరేది కాదు. అది పుట్టేది మన ఊళ్ళోనే. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగిన రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమేనని భారత ప్రభుత్వ నిబంధన. జగిత్యాలలోనో, నిజామాబాదులోనో, కడపలోనో గల్ఫ్‌కి వెళ్ళొచ్చిన ఇంట్లో అడగండి, ఎంత కట్టారో. మీ ఊరినుంచి ఎవరైనా బయల్దేరుతున్నారంటే ఆ 30 వేల మాట వాళ్ళ చెవిన వేయండి. ఏజెంటు లైసెన్సు నంబరు ఈ-మైగ్రేట్‌లో ఉందో లేదో చూసిపెట్టడం ఇంజనీరింగు చదివిన మనకి ఐదు నిమిషాల పని.

ముత్యాల అప్పులను బాగుచేయాలని కూడా ఒకప్పుడు ప్రయత్నం జరిగింది. 1920లలో బహ్రెయిన్‌లో బ్రిటిష్ అధికారుల ఒత్తిడితో ప్రతి మునిగేవాడికీ ఒక ఖాతా పుస్తకం ఇచ్చారు, బయానాలకు పరిమితి పెట్టారు. ఎవరు సంతోషించాలి? మునిగేవాళ్ళే కదా! వాళ్ళే 1926లో, మళ్ళీ 1932లో అల్లరికి దిగారు. బయానా తగ్గితే ఆ చలికాలం పిల్లలకేం పెట్టాలని. నాకు ఇది చదివినప్పుడు మొదట అర్థం కాలేదు, డ్రైవరన్నకి చెబితే ఆయనకి వెంటనే అర్థమైంది. "అప్పిచ్చేటోడు ఒక్కడే ఉన్నప్పుడు వాణ్ని తీసేస్తే ఎట్ల సార్" అన్నాడు.

ఆఖరికి ఈ వ్యవస్థని కూల్చింది చట్టం కాదు. జపానులో మికిమోతో అనే ఆయన 1893లో చిప్పలో ముత్యాన్ని పెంచడంలో మొదటి విజయం సాధించాడు. 1920లలో ఆ పెంపుడు ముత్యాలు ప్రపంచ బజారులోకి వచ్చాయి. 1929లో ఆర్థిక మాంద్యం. ముత్యాలు కొనేవాడు లేడు. 1900ల మొదట్లో లోరిమర్ అనే బ్రిటిష్ ఇండియా అధికారి వేసిన లెక్కలో ఖతార్ జనాభా సుమారు 27 వేలు, ముత్యాల పడవలు 800 పైగా. అంటే ఇంటికో మనిషి నీళ్ళలోనే. ఆ పని పోతే ఏమవుతుంది? ఆకలి. చాలామంది ఖతారీలు పొట్ట చేతపట్టుకుని పక్క దేశాలకు వలసపోయారు. దుఖాన్‌లో చమురు 1940 ప్రాంతంలో పడినా, యుద్ధం వల్ల ఎగుమతి మొదలైంది 1949లోనే. ఇప్పుడు మనల్ని పనికి పిలిచే దేశం, తాతల కాలంలో పనికోసం వలసపోయిన దేశం.

రెండో రోజు దోహాలోనే గడపండి. 2019లో తెరిచిన నేషనల్ మ్యూజియంలో బరోడా ముత్యాల తివాచీ ఉంది. 19వ శతాబ్దంలో బరోడా మహారాజు ఖండేరావ్ గైక్వాడ్ చేయించింది. పట్టు, జింకచర్మం మీద లక్షల బస్రా ముత్యాలు కుట్టారు. 2009లో దోహాలో జరిగిన వేలంలో సుమారు 55 లక్షల డాలర్లకు పోయింది. ఇక్కడి నీళ్ళలోంచి మన దేశానికి వెళ్ళిన ముత్యాలు, మన పనివాళ్ళ కుట్టుపనితో తిరిగి ఇక్కడికే వచ్చి చేరాయి. మా అత్తగారు దాని ముందు చాలాసేపు నిలబడి, ఒక్కో ముత్యానికి ఎన్ని మునకలో లెక్కకట్టమని మనవణ్ణి అడిగారు. వాడు ఫోన్ తీసి మొదలుపెట్టి, కొంతసేపటికి వదిలేశాడు.

అక్కడినుంచి ముషేరెబ్‌లో బిన్ జల్మూద్ ఇల్లు తప్పక చూడండి. హిందూ మహాసముద్రపు బానిస వ్యాపారం గురించిన మ్యూజియం అది. ఆఫ్రికా నుంచి తెచ్చినవాళ్ళను ముత్యాల పడవల్లో ముంచిన సంగతి దాచకుండా చెబుతుంది. ఖతార్‌లో బానిసత్వం రద్దయింది 1952లో. పిల్లలతో వెళ్తే గంటన్నర పట్టే చోటు, ప్రశ్నలకు మాత్రం ఇంకా ఎక్కువ పడుతుంది.

జుబారాకి నవంబరు నుంచి మార్చి లోపల వెళ్ళడం మంచిది. ఎండలో నీడనిచ్చే చెట్టుండదు. ఊరి దగ్గర హోటళ్ళు లేవు కాబట్టి పులిహోర, పెరుగన్నం కట్టుకోండి, మంచినీళ్ళు మీరనుకున్నదానికి రెట్టింపు పెట్టుకోండి. కోట తెరిచే వేళలు ముందే చూసుకోండి, ముఖ్యంగా శుక్రవారం. గోడల మీద నడవకండి, అవి మట్టి అతుకులతో కట్టిన రాతిగోడలు. తిరుగుప్రయాణంలో కొంచెం ఉత్తరానికి పోతే అల్ జుమైల్ అనే మనుషులు లేని జాలర్ల ఊరు ఉంది. పాడుబడిన మసీదు మినారు ఒకటి ఇంకా నిలబడి ఉంది. సాయంత్రం వేళ సముద్రం వెనక్కి తగ్గినప్పుడు అక్కడ నేలమీద ఖాళీ చిప్పలు దొరుకుతాయి.